కారు రూఫ్ లైనింగ్ మార్చే ముందు పాత జిగురు: గీకాలా, కరిగించాలా, వదిలేయాలా?

రూఫ్ గుడ్డ బుడగలా ఉబ్బి వెనక సీట్లో కూర్చున్నవాళ్ల తలకు తగలడం మొదలయ్యాక చాలామంది ముందు చేసే పని కొత్త గుడ్డ, ఒక మంచి స్ప్రే జిగురు కొనుక్కోవడం. రెండూ కావాల్సినవే. అయితే కొత్త గుడ్డ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది అట్ట మీద, అంటే పైకప్పు రేకు కింద గుడ్డను అంటించే అచ్చు పలక మీద, మీరు ఏం మిగిల్చారన్న దాన్నిబట్టి ఉంటుంది. అక్కడ మిగిలిన పాత పొడి మీద ఎంత ఖరీదైన జిగురు కొట్టినా అది పొడినే పట్టుకుంటుంది. పొడి అట్టను పట్టుకుని ఉండదు కదా, మొదటి ఎండలకే గుడ్డ మళ్లీ కిందికి దిగుతుంది.

అసలు సంగతి ఇంకొకటుంది. "పాత జిగురు తీయడం" అని అందరం అనేస్తాం గానీ, చాలా కార్లలో తీయాల్సింది జిగురు కాదు, చచ్చిపోయిన ఫోమ్. రూఫ్ గుడ్డ వెనక సాధారణంగా 3 నుంచి 6 మిల్లీమీటర్ల మందాన పాలియురెథేన్ ఫోమ్ అతికించి ఉంటుంది. గుడ్డ, ఫోమ్ కలిసి ఒకే సరుకు. దాన్నే ఫ్యాక్టరీలో జిగురుతో అట్టకు అంటిస్తారు. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలేసరికి ఫోమ్ తన బలం తానే కోల్పోతుంది. ముట్టుకుంటే నారింజ రంగు పొడి రాలుతుంది, కొన్నిచోట్ల బంకలా వేళ్లకు అంటుకుంటుంది. అటు గుడ్డ బాగానే ఉంటుంది, ఇటు జిగురు అట్టను వదలదు, మధ్యలో ఫోమ్ చీలిపోతుంది. అందుకే సిరంజితో లోపలికి జిగురు ఎక్కించి నొక్కే చిట్కా ఎక్కువ కాలం నిలవదు.

కాబట్టి అట్ట కొత్తదానిలా కనబడాలన్న పట్టుదల వద్దు. ఫోమ్ మొత్తం పోవాలి. పొడి పోవాలి. వేలితో రుద్దితే లేచే జిగురు పోవాలి. గోరుతో గీకినా కదలని పల్చటి జిగురు పొరను మాత్రం అలాగే ఉండనివ్వండి, కొత్త జిగురుకు అదేమీ అడ్డం కాదు. దాన్ని కూడా ఊడబీకాలని కూర్చుంటే దానితోపాటు అట్ట పైపొర లేచి వస్తుంది. అట్టలు పాడయ్యేది చాలావరకు ఇలాగే.

ముందు ఊడిన గుడ్డను తిప్పి చూడండి

ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది ఊడిన గుడ్డ వెనక భాగమే చెబుతుంది. ఒక మూల నుంచి జానెడు గుడ్డ లాగి, వెలుతురులో తిప్పి చూడండి.

గుడ్డ వెనక ఫోమ్ దాదాపు లేకుండా, రెండు వైపులా నారింజ పొడి ఉంటే ఫోమ్ చచ్చిందన్నమాట. పదేళ్లు దాటిన కార్లలో మామూలుగా కనిపించేది ఇదే. పొడి బ్రష్షు, వాక్యూమ్ క్లీనర్ ఉంటే చాలు, ఇంకే మందూ అక్కర్లేదు.

ఫోమ్ మొత్తం గుడ్డకే ఉండి, అట్ట మీద నున్నగా మెరుస్తూ బంకబంకగా ఉంటే విఫలమైంది జిగురు. ఇదివరకే ఒకసారి గుడ్డ మార్చిన కార్లలో, అందులోనూ వేడికి ఆగని మామూలు స్ప్రే జిగురు వాడిన చోట ఇలా జరుగుతుంది. ఇక్కడ బ్రష్షు ఒక్కటే సరిపోదు, ఆ జిగురు పొర పోయి తీరాలి. లేదంటే కొత్త జిగురులోని ద్రావకం పాతదాన్ని మళ్లీ మెత్తబరుస్తుంది, రెండూ కలిసి జారతాయి.

గుడ్డ వెనక అట్ట ముక్కలు, పీచు, కాగితం పొర అంటుకుని వస్తే బలహీనంగా ఉన్నది అట్టే. దీన్ని ఎంత శుభ్రం చేసినా లాభం లేదు. పైపొరను బిగించాలి, లేదా అట్టనే మార్చాలి.

ఒకే కారులో రెండు రకాలూ ఉండొచ్చు. మధ్యలో ఫోమ్ పొడైపోయి, సన్‌రూఫ్ అంచు చుట్టూ మాత్రం మందపాటి జిగురు గడ్డలు మిగలడం మామూలే. అప్పుడు పద్ధతులు కూడా రెండు వాడాల్సిందే.

అట్ట ఏ రకమో తెలియకుండా చేయి వేయకండి

అట్ట అని పిలుస్తున్నా అన్నీ అట్టలు కావు. కొన్నింటిలో గాజు పీచును రెసిన్‌తో కలిపి అచ్చుపోస్తారు. ఇవి పసుపు రంగులో, కాస్త గరుగ్గా ఉంటాయి, విరిచిన అంచున సన్నటి పీచు కనిపిస్తుంది. చాలావాటిలో మధ్యన గట్టి పాలియురెథేన్ ఫోమ్ ఉండి, దానికి రెండు వైపులా పల్చటి గాజు పీచు పొర ఉంటుంది. ఇవి తేలిక, పైపొర మాత్రం కాగితమంత సున్నితం. పాత కార్లలో నొక్కి అచ్చుపోసిన కాగితపు అట్ట కనిపిస్తుంది. కొన్ని బళ్లలో థర్మాకోల్ లాంటి పాలిస్టైరీన్ అట్టలూ ఉంటాయి.

దీపం కోసం కోసిన రంధ్రం అంచు చూస్తే రకం తెలిసిపోతుంది. అనుమానంగా ఉంటే, పైకప్పు రేకు వైపు ఉండే, బయటికి కనబడని మూలలో చెవి పుల్లతో ఒక్క చుక్క అసిటోన్ పెట్టండి. అక్కడ గుంట పడిపోతే అది థర్మాకోల్ జాతిది. దాని దగ్గరికి ద్రావకమన్నదే తీసుకురాకూడదు, ఎంచుకునే స్ప్రే జిగురు డబ్బా మీద కూడా పాలిస్టైరీన్‌కు పనికొస్తుందని రాసి ఉండాలి.

అట్టే లేని కార్లూ ఉన్నాయి. బాగా పాత మోడళ్లలో ఇనుప కడ్డీల మీద గుడ్డను గుడారంలా వేలాడదీసి, అంచులను మాత్రమే రేకుకు అంటిస్తారు. జిగురు ఉండేది ఆ అంచుల్లోనే, అదీ ఇనుము మీద. రేకుకు ద్రావకం వల్ల ఏమీ కాదు కాబట్టి అక్కడ ద్రావకమే హాయి, కిటికీ రబ్బర్లకూ రంగుకూ తగలకుండా చూసుకుంటే చాలు.

కారులోనే చేయాలా, అట్ట బయటికి తీయాలా?

బయటికి తీయండి. లోపలే చేస్తే పొడి సీట్లలోకి, ఏసీ రంధ్రాల్లోకి దిగుతుంది. చేతులు పైకెత్తి బ్రష్షు రుద్దితే ఒత్తిడి సమానంగా పడదు, కళ్లలో పడే పొడి సంగతి సరేసరి. పైగా చివర్లో ఆ మూసిన పెట్టెలోనే జిగురు స్ప్రే కొట్టాలి.

అట్ట దించాలంటే ఎండ అడ్డాలు, పైన చేత్తో పట్టుకునే పిడులు, దీపాలు, బట్టల కొక్కేలు, పక్క స్తంభాల ప్లాస్టిక్ ముక్కలు, తలుపు రబ్బర్ల పై అంచులు విప్పాలి. పక్క ఎయిర్‌బ్యాగులున్న కారైతే బ్యాటరీ నెగటివ్ తీగ ముందే తీసేసి, సర్వీసు పుస్తకంలో చెప్పినంతసేపు ఆగాక స్తంభాల మీద చేయి వేయండి. అందులో ఎంతసేపో రాయకపోతే పది నిమిషాలకు తక్కువ వద్దు. కొన్ని అట్టలకు రేకు వైపున కూడా జిగురు చుక్కలుంటాయి. గట్టిగా గుంజితే అట్ట మధ్యకు విరుగుతుంది. పొడవాటి పల్చటి ప్లాస్టిక్ పట్టీని లోపలికి దూర్చి ఒక్కో చుక్కనే విడదీయాలి. ముందు సీట్లను పూర్తిగా వాల్చి, ఇద్దరు పట్టుకుని, వెనక తలుపు లోంచో డిక్కీ తలుపు లోంచో వంచకుండా దించండి. ఒకసారి మడత పడిన గీత కొత్త గుడ్డ లోంచి జీవితాంతం కనిపిస్తుంది.

పొడి బ్రష్షు: చాలా కార్లకు ఇదే

గట్టి నైలాన్ కుచ్చున్న, బట్టలు ఉతికే బ్రష్షు లాంటిది సరిపోతుంది. తీగ బ్రష్షు దగ్గర పెట్టుకోండి గానీ ముందే దానితో మొదలెట్టకండి.

అట్టను గుడ్డ వైపు పైకి వచ్చేలా బల్ల మీద పెడితే అది పళ్లెంలా కూర్చుంటుంది. మధ్య భాగం బల్లకు తగులుతుంది, అంచులు గాల్లో ఉంటాయి. ఆ అంచుల కింద పాత దుప్పట్లు మడిచి ఆసరా పెట్టాలి. లేకపోతే అంచు దగ్గర బ్రష్షు నొక్కిన ప్రతిసారీ అట్ట వంగి, పక్క ఎయిర్‌బ్యాగు కోసం అంచున ఉండే వంపు దగ్గర చిట్లుతుంది. బల్ల కింద టార్పాలిన్ పట్టా పరిచి, గాలి వీచే దిక్కుకు వీపు పెట్టి నిలబడండి.

మొదటి విడత బ్రష్షుతో కూడా కాదు. రబ్బరు గ్లవ్ వేసుకున్న అరచేతితో, వేళ్లతో తేలిగ్గా రుద్దండి. బంకగా మారిన ఫోమ్ ఉండలు చుట్టుకుని వచ్చేస్తుంది. బ్రష్షుతో మొదలుపెడితే అదే ఫోమ్ నలిగి పొడవుతుంది, పని రెట్టింపు. ఉండలన్నీ ఏరేశాక బ్రష్షు తీసుకుని మధ్య నుంచి అంచుల వైపు, ఒకే దిక్కుగా, పొట్టిపొట్టి దెబ్బలు వేయండి. ఇటూ అటూ తోమితే పొడి అట్ట రంధ్రాల్లోకి దిగుతుంది. ఒక అడుగు చదరం అయ్యాక వాక్యూమ్ పట్టి, తర్వాతి చదరానికి వెళ్లండి. మొత్తం ఒక చుట్టు అయ్యాక ఇంతకుముందుకు అడ్డంగా ఉండే దిక్కులో రెండో చుట్టు. అచ్చు గీతల లోపల దాక్కున్న పొడి ఈ రెండో చుట్టులోనే బయటపడుతుంది.

ఎక్కడ ఆపాలో రంగు చెబుతుంది. నారింజ రంగు పోయి, అట్ట సొంత రంగు మీద జిగురు సాలెగూడు లాగానో చుక్కల్లాగానో కనబడితే ఆ చోటు అయిపోయినట్టే. అక్కడ ఇంకా రుద్దితే సన్నటి పీచు నూగులా లేస్తుంది. నూగు కనిపించిందంటే మీరు ఫోమ్ దాటి అట్టను అరగదీస్తున్నారు. చేయి తీసేయండి.

మామూలు సెడాన్ అట్టకు గంట నుంచి రెండు గంటలు పడుతుంది. వాక్యూమ్‌కు సంచీ ఉంటే మేలు. ఈ పొడి ఫిల్టరును ఎంత త్వరగా మూసేస్తుందంటే, మధ్యలో రెండుసార్లు దులపకపోతే పీల్చే బలమే ఉండదు. ముక్కుకు ఎన్95 మాస్కు, కళ్లకు అద్దాలు, నిండు చేతుల చొక్కా వేసుకోండి. గాజు పీచు అట్ట మీద పనిచేసి పొట్టి చేతుల చొక్కాతో ఇంటికెళ్లినవాళ్లకు ఆ రాత్రంతా దురదే.

తడి బ్రష్షు

ఇదీ పొడి బ్రష్షు పనే, నీళ్లలో ముంచి పిండిన స్పాంజితో ముందు కాస్త తడి చేస్తారు. పొడి గాల్లోకి లేవదు, స్థిరవిద్యుత్తు వల్ల అట్టకు అంటుకునే సన్నటి పొడి కూడా వచ్చేస్తుంది. ఇంటి లోపల చేయక తప్పనివాళ్లకు మంచిది. సబ్బు కలపకండి, ఆరాక మిగిలే సబ్బు పొర మీద జిగురు సరిగా పట్టదు. ఫ్యాను కింద కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. గాజు పీచు అట్టలకు పరవాలేదు. కాగితపు అట్టకు నీళ్లు తగిలితే ఉబ్బి, ఆరాక వేరే ఆకారంలో మిగులుతుంది. ప్రెషర్ వాషరు ఆలోచన దేనికీ వద్దు.

గీకడం, అరగదీయడం

ప్లాస్టిక్ స్క్రేపర్‌కు, గోడలకు లప్పం పెట్టే రేకుకు పని అంచుల్లోనే ఉంటుంది. గుడ్డను వెనక్కి మడిచి అంటించిన చోట, దీపం రంధ్రం చుట్టూ, సన్‌రూఫ్ అంచున జిగురు మందంగా పేరుకుపోతుంది. అక్కడ రేకును దాదాపు పడుకోబెట్టి నెట్టాలి. నిలబెట్టి తోస్తే మూల గుచ్చుకుని అట్ట పైపొర నాలుకలా లేస్తుంది. రేకు రెండు మూలలను ముందే ఉప్పు కాగితంతో గుండ్రంగా అరగదీసుకుంటే ఈ ప్రమాదం సగం తగ్గుతుంది.

ఉప్పు కాగితాన్ని శుభ్రం చేసే సాధనంగా వాడకండి. ఫోమ్ బంక ఒక్క నిమిషంలో కాగితాన్ని పూడ్చేస్తుంది, ఆ పైన మీరు రుద్దేది బంకతోనే. ఫోమ్ అంతా పోయాక మిగిలిన జిగురు గట్లను చదును చేయడానికి మాత్రం 80 నంబరు, తర్వాత 120 నంబరు పనికొస్తాయి. గట్టు ఒక మిల్లీమీటరు ఉన్నా గుడ్డ లోంచి నీడలా కనబడుతుంది, 3 మిల్లీమీటర్ల ఫోమ్ కూడా దాన్ని పూర్తిగా దాచలేదు. చెక్క ముక్కకు చుట్టి రుద్దితే అచ్చు వంపులు అరిగిపోతాయి, కాబట్టి మెత్తటి స్పాంజి ముక్కకు చుట్టండి.

డ్రిల్లుకు తగిలించే గిన్నె బ్రష్షు చూడటానికి ఆశ పుట్టిస్తుంది. గంట పని పావుగంటలో అవుతుందన్నది నిజమే. కానీ తీగ గిన్నె బ్రష్షు గాజు పీచును పట్టుకుందంటే చేయి తీసే లోపే అరచేతంత గుంట. నైలాన్ గిన్నె బ్రష్షు, అతి తక్కువ వేగం, బ్రష్షు బల్లపరుపుగా, ఒకచోట నిలపకుండా. ఇవన్నీ పాటించగలిగితే గట్టి గాజు పీచు అట్ట మీద వాడొచ్చు. మధ్యలో ఫోమ్ ఉన్న సున్నితమైన అట్టల మీద, థర్మాకోల్ మీద అసలొద్దు. ఇదే మొదటిసారి చేస్తున్నవాళ్లకు ఆ మిగిలే ముప్పావు గంట కోసం డ్రిల్లు తీసుకోమని మేం చెప్పం.

ద్రావకాలు: అందరూ అడిగేది, ఎక్కువమందికి అక్కర్లేనిది

థిన్నర్, అసిటోన్, టర్పెంటైన్, నారింజ తొక్క నూనెతో చేసిన జిగురు తీసే ద్రవాలు. వీటిమీద ఆశ ఎందుకంటే, గాజు సీసా మీద చీటీ జిగురును ఇవి చక్కగా తీస్తాయి. సీసాకు, ఈ అట్టకు ఒక్క తేడా ఉంది. గాజు పీల్చుకోదు, అట్ట పీల్చుకుంటుంది.

అట్ట మీద ద్రావకం పోస్తే పాత జిగురు కరుగుతుంది నిజమే. కరిగిన జిగురులో కొంత మీ గుడ్డ పీలికకు వస్తుంది, మిగతాది ద్రావకంతో పాటు అట్ట లోపలికి ఇంకుతుంది. పైన ఆరి, శుభ్రంగా కనబడుతుంది. తర్వాత కొత్త స్ప్రే జిగురు కొట్టగానే అందులోని ద్రావకం లోపలున్నదాన్ని మళ్లీ పైకి లాగుతుంది. లేత రంగు గుడ్డ మీద నెలల తర్వాత తేలే పసుపు మరకలకు ఇదొక కారణం. రెండోది, మధ్యన ఫోమ్ ఉన్న అట్టల్లో పొరలను కలిపి ఉంచేది కూడా జిగురే. దాన్నీ మెత్తబరిస్తే అట్ట తనంతట తానే రెండుగా విడిపోతుంది. మూడోది, చాలా ఫ్యాక్టరీ జిగుళ్లు వేడితో నొక్కి అతికించినవి. మామూలు థిన్నర్‌కు అవి కరగవు, ఉబ్బి జెల్లీలా అవుతాయి. ఇంతకుముందు గట్టిగా ఉన్న పొరను మీరే చెడగొట్టినట్టు.

నారింజ నూనె ద్రవాలు వాసనకు బాగుంటాయి, పని కూడా చేస్తాయి. అయితే ఆరాక సన్నటి జిడ్డు మిగులుతుంది. ఆ జిడ్డు పోవాలంటే సబ్బు నీళ్లతో కడగాలి, అట్టను కడగకూడదు. అక్కడితో ఆ దారి మూసుకుపోయింది.

ద్రావకం నిజంగా అవసరమయ్యే సందర్భం పైన చెప్పిన రెండో రకం. మునుపటి రిపేరులో కొట్టిన రబ్బరు జిగురు బంకగా మిగిలి, వేలితో చుడితే ఉండలుగా రాకపోతే మాత్రమే. అప్పుడు కూడా ముందు రబ్బరు జిగురు తీయడానికి వాడే క్రేప్ రబ్బరు దిమ్మతో రుద్ది చూడండి. జిగురు దానికే చుట్టుకుని వస్తుంది, ఒక్క చుక్క ద్రవం అక్కర్లేదు. అదీ పనిచేయకపోతే తెల్లటి గుడ్డను మినరల్ స్పిరిట్‌తో (రంగులు పల్చన చేయడానికి వాడే పెట్రోలియం ద్రావకం) కాస్త తడిపి, పిండి, అరచేతంత జాగాలో బయట నుంచి లోపలికి తుడవండి. ప్రతి తుడుపుకూ గుడ్డ మడత మార్చాలి, లేదంటే తీసిన జిగురునే పక్కకు పులుముతారు. పని అయ్యాక ఒక పూట గాలికి వదిలేసి, వాసన పూర్తిగా పోయిందో లేదో ముక్కు ఆనించి చూడండి. వాసన ఉందంటే ద్రావకం ఉన్నట్టే.

పెట్రోలు మాత్రం ఎవరు చెప్పినా వాడకండి. ఏ ద్రావకమైనా దాని ఆవిరి గాలికంటే బరువు, నేలను పట్టుకుని పాకి దూరంగా ఉన్న పొయ్యి నిప్పునో స్విచ్చు రవ్వనో అందుకుంటుంది. ఎన్95 మాస్కు పొడిని ఆపుతుంది గానీ ఆవిరిని ఆపదు, దానికి ఆర్గానిక్ ఆవిర్లకు తయారుచేసిన బొగ్గు క్యాట్రిడ్జి మాస్కు కావాలి. తడిసిన పీలికలను ఉండ చుట్టి మూల పడేయకుండా ఆరుబయట పరిచి ఆరబెట్టండి.

వేడి

హీట్ గన్ జిగురును మెత్తబరుస్తుంది. అట్టనూ మెత్తబరుస్తుంది. చాలా అట్టలకు ఆ ఆకారం వచ్చిందే వేడితో నొక్కడం వల్ల. అదే వేడి ఒత్తిడి లేకుండా తగిలితే కిందికి వంగిపోతాయి, తర్వాత కారులో బిగించినప్పుడు అంచులు రబ్బరు కిందకు అందవు. మాడిన పాలియురెథేన్ నుంచి వచ్చే పొగ విషం కూడా. హెయిర్ డ్రయ్యర్ అయితే అంచుల్లోని మందపాటి గడ్డల దగ్గర, చేతికి భరించగలిగినంత వేడితో, ప్లాస్టిక్ స్క్రేపర్‌కు సాయంగా వాడొచ్చు. అంతకు మించి దానికి పనిలేదు.

మరి ఏది ఎవరికి?

ఫోమ్ పొడైన కారు, గాజు పీచు అట్ట: పొడి బ్రష్షు, వాక్యూమ్, అంచుల్లో ప్లాస్టిక్ స్క్రేపర్. ఇంకేమీ కొనకండి. అదే ఫోమ్, కాగితపు అట్ట అయితే బ్రష్షు ఇంకా మెత్తటిది, చేతి ఒత్తిడి సగం, నీళ్లు, వేడి నిషిద్ధం. థర్మాకోల్ జాతి అట్టకు చేతి వేళ్లు, మెత్తటి బ్రష్షు, ఓపిక. మునుపటి రిపేరు జిగురు బంకగా ఉంటే క్రేప్ రబ్బరు, అది చాలకపోతే కొద్దికొద్దిగా మినరల్ స్పిరిట్.

అట్ట నీళ్లకు నాని బూజు పట్టినా, పొరలు అరచేతికి మించి విడిపోయినా, ఎయిర్‌బ్యాగు అంచు దగ్గర విరిగినా శుభ్రం చేస్తూ కూర్చోకండి. పాత కార్ల సామాన్లు అమ్మే చోట అదే మోడలు అట్ట దొరికితే, దాని గుడ్డ ఎంత పాతదైనా సరే, అట్ట గట్టిగా ఉంటే అదే లాభం. సన్‌రూఫ్ ఉన్నదీ లేనిదీ, పక్క ఎయిర్‌బ్యాగులు ఉన్నదీ లేనిదీ చూసి తీసుకోవాలి. బయటికి ఒకేలా కనబడినా కోతలు వేరు.

చిన్న పగుళ్లకు రేకు వైపు నుంచి గాజు పీచు పట్టీ, ఎపాక్సీ వేస్తే చాలు. గుడ్డ వైపు లప్పం పూయకండి, అది అట్టతో పాటు వంగదు, మొదటి గుంతకే చిట్లి గుడ్డ కింద గులకరాళ్లలా తిరుగుతుంది. పీచు నూగు లేచిన చోట, వాడబోయే స్ప్రే జిగురునే పల్చగా ఒక్క పొర కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. నూగు పడుకుంటుంది, పైపొర బిగుస్తుంది. అసలు పొర ఆ తర్వాత.

చాలిందో లేదో తేల్చే రెండు పరీక్షలు

మొదటిది టేపు. జానెడు మాస్కింగ్ టేప్‌ను అట్టకు అద్ది, బొటనవేలితో రుద్ది, ఒక్కసారిగా లాగండి. మధ్యలో, నాలుగు మూలల్లో, దీపం రంధ్రం దగ్గర, అచ్చు గీతల్లో, ఎనిమిది పది చోట్ల చేయాలి. టేపు మీద నారింజ పొర కనబడితే ఆ చోట మళ్లీ బ్రష్షు. అక్కడక్కడ రెండు మూడు రేణువులైతే కాస్త తడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి ఆరనిస్తే పోతుంది, కాగితపు అట్టకు పొడి గుడ్డ. మూలలు తప్పించుకునేవి ఎక్కువ, కొత్త గుడ్డ ముందుగా ఊడేదీ మూలల్లోనే.

రెండోది అతుకు పరీక్ష. దీన్ని దాటేసేవాళ్లే ఎక్కువ, ఒక రోజు ఆలస్యమవుతుందని. ఎండలో నిలిపిన కారులో పైకప్పు దగ్గర వేడి 70 డిగ్రీల సెల్సియస్ దాటొచ్చు, కాబట్టి రూఫ్ లైనింగ్‌కని రాసి ఉన్న, ఎక్కువ వేడికి ఆగే జిగురే తీసుకోండి. వెనక అంచున, పని పూర్తయ్యాక ప్లాస్టిక్ కిందకు పోయే చోట, 10 సెంటీమీటర్ల చదరానికి ఆ జిగురు కొట్టండి. కొత్త గుడ్డ కత్తిరింపు ముక్క ఫోమ్ వైపు కూడా కొట్టండి. డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, వేలితో తాకితే అంటుకుంటూ వేలికి రాని దశలో అతికించండి. 24 గంటల తర్వాత హెయిర్ డ్రయ్యర్‌తో బాగా వెచ్చబడేదాకా వేడి చేసి, ఒక మూల పట్టుకుని లాగండి.

కొత్త ఫోమే చిరిగి సగం అట్ట మీద మిగిలిందా, మొత్తం అట్టకు జిగురు కొట్టేయండి. తీగలు సాగుతూ మెల్లగా వచ్చేసిందా, కింద పాత జిగురు మెత్తబడుతోంది, క్రేప్ రబ్బరుతో మళ్లీ రుద్దాలి. ముక్క వెనక నారింజ పొడి వచ్చిందా, మిగిలింది బ్రష్షు పనే. పీచు లేచి వచ్చిందా, పల్చటి జిగురు పొరతో అట్టను బిగించి, ఆరాక, పక్కనే ఇంకో 10 సెంటీమీటర్ల చదరంలో ఇదే పరీక్ష ఇంకోసారి.